ఎంత వరకు పరవాలేదు

నవంబర్ 6

ఒరేయ్ తమ్ముడూ,

ఉన్నావా అసలు? ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నీకైనా గుర్తుందా? నాకైతే లేదు. కానీ నా సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

ముందు మంచి కబురు. మన లాండ్రీకి మసి పీడ విరగడైంది. బాయిలర్ పొగగొట్టం డాబా మీద దండేల పక్కనే కదా, ఉతికి ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద మసి రాలి, ఉతికిందే మళ్ళీ ఉతకలేక చచ్చేవాళ్ళం. ఉపాయం నాదే. మీ బావ సన్న కళ్ళ ఇనుప జల్లెడ తెచ్చి గొట్టం మూతికి బిగించారు. ఆ రోజు నుంచి ఒక్క చుక్క పడితే ఒట్టు! చలి మొదలైంది కాబట్టి బాయిలర్ ఉన్న ఇస్త్రీ గది కిటికీలు కూడా మూసేశాం. లోపల వెచ్చగా, హాయిగా ఉంటోంది.

హాయి అన్నానే గానీ నాకు తలనొప్పి. ఇంట్లో లేచినప్పుడు ఏమీ ఉండదు. కొట్టుకొచ్చి, మీ బావ బాయిలర్ అంటించాక నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసేసరికి కణతలు పగిలిపోతాయి. ఆదివారం కొట్టు మూస్తాం, ఆ రోజు మాత్రం సుఖంగా ఉంటాను. "నీది తలనొప్పి కాదే, పని నొప్పి" అని మీ బావ వెక్కిరింపు.

అది పోనీ. మొన్న హెడ్మాస్టారి కోటు తీసుకెళ్ళి మాంసం కొట్టాయనకి ఇచ్చేశాను. ఆయన చక్కగా తొడుక్కుని వెళ్ళిపోయాడు కూడా. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా బట్టలకి గుచ్చిన చీటీ తప్పానా? నిన్న పంపు విప్పి, ఎందుకు విప్పానో తెలియక అలాగే నిలబడ్డాను. నవ్వకు. అమ్మకి ఇలాగే మొదలైంది. చివరికి మనిద్దరినీ పట్టుకుని "మీరెవరి పిల్లలు బాబూ?" అని అడిగింది. నాకు భయంగా ఉందిరా.

నువ్వేదో గాలి కొలిచే సంఘంలో ఉన్నావని ఎదురింటావిడతో చెప్తే నవ్వింది. నీ ఉద్యోగం ఏమిటో నాలుగు ముక్కల్లో రాయి, ఈసారి గట్టిగా చెప్తాను.

నీ అక్క


నవంబర్ 14

అక్కా,

ఎదురింటావిడ నవ్వడంలో తప్పేం లేదు. మా ఇంట్లోనూ నవ్వుతారు.

ఫ్యాక్టరీల్లో, గ్యారేజీల్లో, కొలుముల దగ్గర పనిచేసేవాళ్ళు పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఎంత వరకు ఉంటే పరవాలేదో తేల్చడం మా పని. బొగ్గయినా నూనెయినా సరిగ్గా కాలకపోతే అది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట కూర్చుని ఓ పట్టాన లేవదు. పది లక్షల పాళ్ళ గాలిలో ఇరవై అయిదు పాళ్ళు దాటకూడదని మా డాక్టరమ్మ పట్టు. యాభై వరకు పరవాలేదని ఫ్యాక్టరీల తరఫు పెద్దాయన పట్టు. వాళ్ళిద్దరూ అరుస్తారు, కార్యదర్శిని కాబట్టి నేను రాస్తాను.

ఆ వాయువు కొద్దికొద్దిగా ఎక్కితే ముందు తలనొప్పి వస్తుందని, తర్వాత కళ్ళు తిరుగుతాయని, కడుపులో తిప్పుతుందని, మతిమరుపు వచ్చి చేసే పని తప్పుతారని డాక్టరమ్మ చదివింది. "ఇవన్నీ నాకు మీ మీటింగులో కూర్చున్నా వస్తున్నాయమ్మా" అన్నాడు పెద్దాయన. ఆవిడ తప్ప అందరం నవ్వాం.

ఇక నీ తలనొప్పి. కళ్ళద్దాలు పెట్టించుకో. తెల్లారింది మొదలు తెల్ల గుడ్డల్లోకి చూస్తూ ఉంటే ఎవరికైనా వస్తుంది. అమ్మ సంగతి తలుచుకోకు, అమ్మకి అప్పటికి డెబ్భై దాటాయి. నాకేమో నీ ధ్యాస ఎక్కడో ఉందనిపిస్తోంది. మేనల్లుడు సెలవు అయిపోగానే మళ్ళీ ఓడ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, నువ్వూ కోడలూ పొద్దస్తమానం ఎదురెదురుగా. ఇంట్లో ఏమైనా చికాకులా? ఉంటే దాచకు.

నీ తమ్ముడు


నవంబర్ 23

తమ్ముడూ,

కళ్ళద్దాలు పెట్టించాను. ఇప్పుడు నా తప్పులు నాకే ఇంతింత లావున కనిపిస్తున్నాయి.

నువ్వు రాసిన రోగాల వరస మీ బావకి చదివి వినిపించాను. తలనొప్పి నాదే, కళ్ళు తిరగడం నాదే, మతిమరుపు అయితే పూర్తిగా నాదే. "మీ తమ్ముడి ఫ్యాక్టరీలో నీకెప్పుడు ఉద్యోగమొచ్చిందే?" అన్నారు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వితే తల ఇంకా నొప్పెట్టింది.

చికాకులా అని అడిగావు చూడు, అది నాకు నచ్చలేదు. నా కోడలు బంగారం. నా మీద నాకే నమ్మకం పోయి, చీటీలు గుచ్చే పని ఆ పిల్లకి అప్పజెప్పాను. చలికి వణుకుతోందని దాని బల్ల బాయిలర్ పక్కకి జరిపించాను. గదిలో అంతకంటే వెచ్చటి చోటు లేదు. అత్తలు కోడళ్ళని పొయ్యి దగ్గర నిలబెడతారంటారు, నేను కుర్చీ వేసి కూర్చోబెట్టాను!

పాపం, దానికీ ఈ మధ్య వాంతులు, నీరసం. దానికి వేరే కారణం ఉందిలే. సమయం వచ్చినప్పుడు చెప్తాను. ఇప్పుడే గుచ్చి గుచ్చి అడక్కు.

అక్క


డిసెంబర్ 1

అక్కా,

నువ్వూ బావగారూ నవ్వుకున్న మాటే నాకు అన్నం సహించనివ్వడం లేదు. బాయిలర్ అంటే బొగ్గే కదా! ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో. నా బుర్రలో ఆ వాయువు ఎప్పుడూ పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లోనే ఉంది.

దీనితో ఒక చిన్న అట్ట పంపుతున్నాను. మధ్యలో నారింజ రంగు బిళ్ళ ఉంది చూడు. ఆ వాయువు తగిలితే నల్లబడుతుంది. బాయిలర్ గదిలో నీ తలెత్తున గోడకి తగిలించు. వారం పోయాక ఎలా ఉందో రాయి. పొగగొట్టం శుభ్రంగా ఉందేమో బావగారిని ఒకసారి చూడమను.

ఇక్కడ ఓ పెద్ద గొడవ తీరింది. మా హద్దు ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, రోజుకి ఎనిమిది గంటల పనికి అనుకున్నాం. డాక్టరమ్మ గర్భిణుల మాట ఎత్తింది. తల్లి రక్తంలోంచి బిడ్డకి చేరిన వాయువు తల్లిని వదిలినంత త్వరగా బిడ్డని వదలదట. "కడుపుతో ఉన్నవాళ్ళు కొలిమి దగ్గర ఎందుకుంటారమ్మా?" అన్నాడు పెద్దాయన. నిజమే కదా అనిపించి, "గర్భిణులు ఈ లెక్కలోకి రారు" అని నేనే ఓ వాక్యం రాశాను. ఒక్క ముక్కతో తేల్చేశావని అందరూ భుజం తట్టారు.

కోడలి "వేరే కారణం" నాకు అర్థమైందిలే. మొగుడి మీద బెంగ. కొన్నాళ్ళు పుట్టింటికి పంపించు. నీకూ తెరిపిగా ఉంటుంది.

తమ్ముడు


డిసెంబర్ 10

తమ్ముడూ,

నీ బిళ్ళకి వారం కావస్తోంది. ఎలా పంపావో అలాగే ఉంది, నారింజ పండులా నిగనిగలాడుతోంది. పొగగొట్టం సంగతి మీ బావ అన్నారు కదా, "ఊళ్ళో ఇంత శుభ్రమైన గొట్టం ఇంకోటి చూపించమను. మసి బయటికే రావడం లేదు" అని. కాబట్టి నీ వాయువు మా ఇంట లేదు. నాకున్నది అమ్మ రోగమే. అది తేలిపోయింది, ఇంక నన్ను మభ్యపెట్టకు.

పుట్టింటికి పంపాలా? ఎందుకు పంపాలి? నువ్వు ఆ పిల్లని ఏమనుకుంటున్నావు? సరే, నీ నోరు మూయించాలంటే చెప్పక తప్పదు. దానికి అయిదో నెల. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు. అందుకే ఈసారి ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. అబ్బాయికి కూడా ఇంకా రాయలేదు. నువ్వు ఎవరితోనైనా అన్నావో, నీతో మాట్లాడను.

నాకు బుర్ర పూర్తిగా పోయేలోపు ఆ బిడ్డని ఒక్కసారి ఎత్తుకుని, ఇది ఫలానా అని గుర్తుపడితే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అక్క


డిసెంబర్ 17

అక్కా,

ఎంత మంచి మాట చెప్పావు! ఎవరితోనూ అనలేదు. అనకుండా ఉండలేక ఆఫీసు గోడతో చెప్పుకున్నాను.

బిళ్ళ రంగు మారలేదంటే గుండె మీంచి బరువు దిగింది. అయితే నీది గాలి గొడవ కాదు. అలాగని అమ్మ రోగమని నువ్వే తీర్పు చెప్పేసుకోకు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళు, బావగారిని వెంట తీసుకెళ్ళు.

కోడలు చీటీల బల్ల దగ్గర కూర్చుంటే కూర్చోనీ, ఊసుపోతుంది. నా వాక్యమే ఈ మధ్య కొంచెం గుచ్చుకుంటోంది. మీ బాయిలర్ గదిలో ఏమీ లేదని తేలింది కనక సరిపోయింది గానీ, లేకపోతే నేను లెక్కలోంచి తీసేసిన మనిషి మన ఇంట్లోనే ఉండేది. ఊరికే అడుగుతున్నాను, ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా ఆ బిళ్ళ రంగు మారిందా?

తమ్ముడు


డిసెంబర్ 24

తమ్ముడూ,

నీకో శుభవార్త. కోడలు కడుపుతో ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నీకే మొదటిసారి చెప్తున్నాను. లేక రాశానా? రాసినట్టే ఉంది. మీ బావ రాశావంటున్నారు. పోనీ, రెండుసార్లు సంతోషించు.

నరాల డాక్టరు దగ్గరికి ఆదివారం వెళ్ళాం. ఆదివారం నా బుర్ర బాగానే ఉంటుంది కదా, ఆయన అడిగినవన్నిటికీ టకటకా చెప్పేశాను. "మీకేం లేదమ్మా, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. సోమవారం కొట్టుకొచ్చి ఇస్త్రీపెట్టె ఏ చేత్తో పట్టుకోవాలా అని చూస్తూ కూర్చున్నాను.

నువ్వేదో అడిగావు. ఆఁ, బిళ్ళ. మారకేం, రోజూ మధ్యాహ్నానికే నల్లబడుతుంది. ఆవిరి మచ్చ. ఆ గదిలో ఏ గుడ్డ పెట్టినా పట్టేస్తుంది. కొట్టు కట్టేసేటప్పుడు దాన్ని తీసుకెళ్ళి డాబా మీద దండేనికి క్లిప్పు పెట్టి ఆరేస్తాను. తెల్లారేసరికి మచ్చ మాయం, మళ్ళీ కొత్త బిళ్ళే! పొద్దున్నే తెచ్చి గోడకి తగిలిస్తాను. నువ్విచ్చిన వస్తువుని మాపు చేసి ఉంచుతానా? నా చేతిలో పోని మచ్చ ఇంతవరకూ లేదు.

కోడలు నిన్న బల్ల మీదే తల పెట్టుకుని నిద్రపోయింది. కడుపుతో ఉన్నవాళ్ళకి మగత సహజమే కదా, లేపలేదు. అది కడుపుతో ఉందని నీకు రాశానా?

అక్క


డిసెంబర్ 29, తంతి

కోడలిని కొట్టులోకి రానివ్వకు. బాయిలర్ ఆపు. వెంటనే. ఉత్తరం వస్తోంది.


డిసెంబర్ 30

తమ్ముడూ,

ఏ ముహూర్తాన ఆ టెలిగ్రాం కొట్టావు? తెచ్చినవాడు దాన్ని ఎవరి చేతికిచ్చాడో తెలుసా? గల్లా దగ్గరున్న కోడలి చేతికి. ఆ పిల్లే విప్పి, ఆ పిల్లే చదివింది. "నేనేం పాపం చేశానత్తయ్యా, నన్ను కొట్టులోకి రానివ్వొద్దంటున్నారు?" అని ఒకటే ఏడుపు.

బట్టలు తారుమారవుతున్నాయంటే చికాకులా అన్నావు. తర్వాత పుట్టింటికి పంపమన్నావు. ఇప్పుడు గుమ్మం తొక్కనివ్వొద్దంటున్నావు. కోటు తప్పిచ్చింది నేనురా, అది కాదు! ఆ పిల్ల మీద నీకేమిటి పగ? మీ బావ అయితే మండిపడుతున్నారు. "ఆస్పత్రి దుప్పట్లు రేపు సాయంత్రానికివ్వాలి, బాయిలర్ ఆపమనడానికి ఈయనెవరు? ఆఫీసులో అధికారం చాలక మన మీద చూపిస్తున్నాడా?" అన్నారు.

కోడలు కళ్ళు తుడుచుకుని మళ్ళీ బల్ల దగ్గరికే వెళ్ళింది. తన పనిలో వంక చూపించమని చెప్పండి అంది. తను ఏడ్చిన మొహం బేరాలకి కనిపించకుండా తలుపు కూడా వేసుకుంది. నీ ఉత్తరం వచ్చాక చూద్దాంలే అని ఊరుకున్నాను. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇంక రాయలేను.

అక్క


జనవరి 18

అక్కా,

ఆ రోజు ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగానే గుర్తుందని, ఉన్నదున్నట్టు రాయమని బావగారితో రాయించావు. రాస్తున్నాను.

తంతి కొట్టి, ఉత్తరం వేసి, మనసు ఒప్పక మర్నాడే రైలెక్కాను. నేను దిగేసరికి బావగారు దుప్పట్ల మూటలు బండికెత్తిస్తున్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నేను ఆయన్ని పలకరించకుండా లోపలికెళ్ళి తలుపు తోశాను. కోడలు బల్ల పక్కన నేల మీద పడి ఉంది. నువ్వు స్టూలు మీద కూర్చుని చేతిలో చీటీ పట్టుకుని ఉన్నావు. నన్ను చూసి, "మీ బట్టలు ఏ రోజు ఇచ్చారండీ?" అని అడిగావు. నీ తమ్ముణ్ణి అని రెండుసార్లు చెప్పాను. "రసీదు ఉందా?" అన్నావు.

బావగారూ నేనూ మీ ఇద్దరినీ వీధిలోకి మోసుకొచ్చాం. గోడ మీద బిళ్ళ బొగ్గులా ఉంది. మిమ్మల్ని ఆస్పత్రిలో చేర్చి, ముక్కులకి ప్రాణవాయువు గొట్టాలు పెట్టించాక బావగారు డాబా ఎక్కారు. జల్లెడ విప్పి తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్క కన్ను కూడా తెరిపి లేదు, మసి కంబళిలా పట్టేసింది. పైకి పోవాల్సిందంతా గదిలోకే తిరిగొచ్చింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. ఉపాయం నీదని ఆయన అనలేదు. మొదటి ఉత్తరంలోనే నువ్వు రాసినా నేను పట్టించుకోలేదని నేను చెప్పాను. ఆయన వినలేదు.

కోడలికి మెలకువ వచ్చింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టరు చెప్పాడు. నీ బుర్రకి అమ్మ రోగం లేదు, మెల్లగా కుదుటపడుతుంది. అది మాత్రం నమ్ము.

బిడ్డకి ఎంత ఎక్కిందని అడిగావు. నాకు తెలియదక్కా. ఇక్కడికొచ్చి నా వాక్యం కొట్టేయాలన్నాను. "కొట్టేస్తే దాని చోట ఏం రాస్తావు? వాళ్ళకి ఎంత వరకు పరవాలేదు?" అన్నాడు పెద్దాయన. నేను డాక్టరమ్మ వైపు చూశాను. తనకీ తెలియదంది. ఇంతమందిమి ఇన్నాళ్ళు కూర్చుని, అందరికీ ఇరవై అయిదే అని, గర్భిణులని ఆ గాలిలోకి అసలు పంపకూడదని రాసి లేచాం. పెద్దాయన గొణుగుతూనే సంతకం పెట్టాడు. నాకు సిగ్గేసింది.

కోడలికి నా మీద కోపం పోయిందా? అడిగి రాయి.

తమ్ముడు


జూలై 12

తమ్ముడూ,

మనవరాలికి మూడో నెల వచ్చింది. ఫోటో పంపమంటే మీ బావ తీయిస్తానంటూనే ఉన్నారు, ఆయన సంగతి నీకు తెలిసిందే. మావాడు వచ్చి పది రోజులుండి, పిల్లని దించకుండా ఎత్తుకుని తిరిగి, మళ్ళీ ఓడ ఎక్కాడు. బాయిలర్‌ని గదిలోంచి పీకించి పెరట్లో రేకుల కింద పెట్టించాం. కిటికీలకి తలుపులే లేకుండా చేశారు మీ బావ. దుప్పట్ల మీద మసి చుక్కలు పడుతున్నాయి. పడనీ.

నేను కొట్టుకి వెళ్ళడం లేదు. కోడలు చూసుకుంటోంది. నీ మీద కోపం లేదంది. ఆ టెలిగ్రాం దాచుకుందట, ఎందుకో చెప్పలేదు.

నా తలనొప్పి పోయింది, బుర్ర బాగానే ఉంది. బాగుండి ఏం చేస్తోందంటే, రోజంతా ఆ పిల్లనే చూస్తోంది. నిన్న పిలిస్తే తల తిప్పింది. ఇవాళ పిలిస్తే తిప్పలేదు. నిద్రమత్తేమో. ఎడమ పిడికిలి కుడి పిడికిలంత గట్టిగా పట్టడం లేదనిపిస్తుంది, మళ్ళీ చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఎదురింటి పిల్లాడు ఇదే ఈడులో కిలకిలా నవ్వాడని వాళ్ళమ్మ అంది, ఆ రాత్రి దీన్ని నిద్రలేపి నవ్వించబోయాను. డాక్టరు పరవాలేదన్నాడు. ఎంత వరకు పరవాలేదండీ అని అడిగాను. కూర్చునేదాకా చూద్దామన్నాడు. కూర్చున్నాక నడిచేదాకా అంటాడు, నడిచాక మాట్లాడేదాకా అంటాడు, నాకు తెలియదా!

చూస్తాను, ఎన్నాళ్ళయినా చూస్తాను. అది కష్టం కాదు. కోడలు రోజూ పొద్దున్నే స్నానం చేయించి, పిల్లని తెచ్చి నా ఒళ్ళోనే పెట్టి కొట్టుకి వెళ్తుంది. పక్కింటి పెద్దావిడ ఉంది, పుట్టింటి నుంచి కోడలి తల్లి వచ్చి ఉంటానంది, అయినా నాకే ఇస్తుంది. మొన్న ఉండబట్టలేక, "ఇంతమంది ఉండగా నాకే ఎందుకిస్తావే?" అని అడిగాను. చెప్పులు వేసుకుంటూ, "మీకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారత్తయ్యా" అని వెళ్ళిపోయింది.

ఆ మాట నా మీద నమ్మకంతో అందో, దెప్పిపొడవడానికి అందో నాకు అర్థం కావడం లేదురా. మీ బావని అడిగితే నమ్మకమే అంటారు, ఆయన ఆ పిల్ల మొహం చూడలేదు. నేనూ చూడలేదు, నా తల వంగిపోయింది. నువ్వోసారి వచ్చి, అది పిల్లని నా ఒళ్ళో పెట్టేటప్పుడు దాని మొహం చూసి, రెండిట్లో అది ఏ మాటో నాకు చెప్పు.

అక్క